గడప లోపల

అక్టోబర్ 18, శనివారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. రెండోది నేనెలాగూ చూడలేదు, నలభై నాలుగేళ్ళు వచ్చాక ఇంక చూడబోయేదీ లేదు. మొదటిది కట్టకపోయినా కొంటున్నాను. ఈ రోజు పొద్దున ఇంటి ఓనరు హనుమత్ప్రసాద్ గారికి బయానా ఇచ్చేశాను. మధురానగర్‌లో మెట్రో స్టేషన్ వెనక రెండో సందు, పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. రెండు పడగ్గదులు, తూర్పు గుమ్మం, ముందు గదికి చిన్న బాల్కనీ. పంజాగుట్టలో మా ఆఫీసు పావుగంట. లిఫ్ట్ ఇరుకు, నలుగురెక్కితే ఒకరి ఊపిరి ఇంకొకరు పీల్చాలి. అయినా లిఫ్ట్ అంటూ ఉంది, అమ్మ మోకాళ్ళకి అదే పదివేలు.

అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత దేవుడి గూడు ముందు కూర్చుని ఏడ్చింది. "ఇంక నాకే బెంగా లేదే మంజూషా. మనింట్లోంచే వెళ్ళిపోతాను" అంది. ఇల్లు కొన్నామంటే అందరి అమ్మలూ పాలు పొంగించడం గురించి మాట్లాడతారు, మా అమ్మ తన శవం గురించి మాట్లాడుతుంది. నాన్న సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆవిణ్ణి తప్పు పట్టరు.

పంతులు గారు నవంబరు 16 ఉదయం గృహప్రవేశానికి పెట్టారు. ఆ తర్వాత శుక్ర మూఢం, ఫిబ్రవరి దాకా ముహూర్తాలు లేవట. అద్దెకున్నవాళ్ళు నెలాఖరుకి ఖాళీ చేస్తారని హనుమత్ప్రసాద్ గారు మాట ఇచ్చారు. ఇల్లు గృహప్రవేశం నాడే చూస్తానంది అమ్మ.

అక్టోబర్ 21

వంటింటి అల్మరాలకి తెలుపా, ఆకుపచ్చా? అమ్మ పసుపు అంటోంది. ససేమిరా.

అక్టోబర్ 24, శుక్రవారం

కొలతలు తీసుకుందామని ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరి ఇంటికి వెళ్ళాను. మా ఇంటికి. కాబోయే మా ఇంటికి.

తలుపు తీసినావిడ పేరు భూలక్ష్మి. అరవై దాటి ఉంటాయి. అమీర్‌పేటలో హాస్టళ్ళ దగ్గరి కర్రీ పాయింట్లకి జొన్నరొట్టెలు చేసి పంపుతుందట. గదంతా కాలిన పిండి వాసన. మంచి వాసనే. ఆ ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. ముందు గదిలో, బాల్కనీ పక్కన మంచం మీద ఆవిడ భర్త రాజనర్సయ్య. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై, కళ్ళు పచ్చగా ఉన్నాయి. మనిషి నిద్రపోతున్నాడనుకుని మంచం పక్క నుంచి టేపు లాగాను. కళ్ళు తెరిచాడు.

"ఎన్ని ఫీట్లొచ్చింది?" అన్నాడు.

"పదకొండున్నరండి."

"పన్నెండు. మంచం అడ్డమొచ్చింది బిడ్డా. జర జరిపి సూడు."

జరపలేదు. అవతలి గోడ వైపు నుంచి మళ్ళీ కొలిచాను. పన్నెండే.

భూలక్ష్మి టీ ఇచ్చి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పింది. "లివర్ పాడైంది బిడ్డా. పెద్ద దవాఖానల ఇగ మాతోని కాదు, ఇంటికి తీస్కపోన్రి అన్నరు. పది దినాలో, పదిహేను దినాలో. ఓనర్ సారును బతిలాడినం. ఈయన సంగతి తేలినంక ఖాళీ జేస్తం అన్నం. సరేలే అన్నడు. మీకు జర ఆలస్యమైతది, ఏమనుకోకున్రి."

నేనేమీ అనుకోలేదన్నాను. హనుమత్ప్రసాద్ గారు నాకీ ముక్క చెప్పనే లేదు. వస్తుంటే వాళ్ళబ్బాయి నరేశ్ మెట్ల మీద ఎదురయ్యాడు. కోచింగ్ సెంటర్ల నోట్సు జిరాక్సు తీసి బైండింగ్ చేసే షాపులో పనిచేస్తాడు. ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను. ఎందుకిచ్చానో.

అక్టోబర్ 25

పంతులు గారికి ఫోన్ చేశాను. మా ఆఫీసులో ఒకావిడ కొంటున్న ఇంట్లో ఇలా ఉందండీ అని చెప్పాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆయన పంచాంగం తిరగేసి, "31 నుంచి అయిదు రోజులు ధనిష్ఠా పంచకం అమ్మా. ఆ రోజుల్లో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసేయాలి. వేరే కొన్ని నక్షత్రాలకి మూడు నెలలు. ఆవిణ్ణి కాస్త ఆగమనండి" అన్నారు.

ఆరు నెలలు. బ్యాంకు వాళ్ళు అంతకాలం ఆగరు. అమ్మకి డెబ్బై మూడు.

అక్టోబర్ 26, ఆదివారం

హనుమత్ప్రసాద్ గారితో మాట్లాడాను. నేనేమీ అనలేదు. ఇంట్లో పెద్దాయనకి ఒంట్లో బాగోలేదట కదండీ అని అడిగానంతే. కొనేవాళ్ళు అడగరా? ఆయన కంగారుపడి, "మీరు నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాను" అన్నారు. ఏం చూసుకుంటారో నేను అడగలేదు. అది వాళ్ళకీ వాళ్ళకీ సంబంధించిన విషయం.

అల్మరాలకి తెలుపే ఖాయం చేశాను.

అక్టోబర్ 27

నాన్న విషయం ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాస్తాను, రాస్తే నేనేం చేస్తున్నానో నాకే అర్థమవుతుంది.

పదహారేళ్ళయింది. అప్పుడు కూడా యూసుఫ్‌గూడలోనే అద్దెకున్నాం, ఇప్పుడున్న ఇల్లు కాదు, దీనికి నాలుగు సందుల అవతల. నాన్న ఆస్పత్రిలో పోయారు. అంబులెన్సులో తెచ్చేసరికి ఇంటావిడ గేటుకి తాళం వేసి బయట నిలబడి ఉంది. కోడలు నీళ్ళోసుకుంది, శవం లోపలికి రాకూడదంది. అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. నేను చూశాను. చివరికి నాన్నని రోడ్డు మీదే పడుకోబెట్టాం, ఇస్త్రీ బండికీ ఆగి ఉన్న ఆటోకీ మధ్య. తుంపర పడుతోంది. టార్పాలిన్ చాల్లేదు. అమ్మ నాన్న ముఖం మీద గొడుగు పట్టుకుని మూడు గంటలు కూర్చుంది. బైకుల వాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు, కాళ్ళు కాస్త పక్కకి జరపమన్నారు. ఎవరి కాళ్ళు? నాన్నవి.

ఆ రోజు నుంచి అమ్మకి ఒకటే కోరిక. పోతే గడప లోపల పోవాలి, పోయాక కూడా గడప లోపలే పడుకోవాలి. చీరలడగలేదు, యాత్రలడగలేదు, నా పెళ్ళి గురించి కూడా నాలుగేళ్ళు అడిగి మానేసింది. ఇదొక్కటీ మానలేదు.

అందుకే కొంటున్నాను. నా కోసం కాదు. నాకు హాస్టల్లో మంచం ఉన్నా చాలు.

అక్టోబర్ 29, బుధవారం

లంచ్ టైములో నరేశ్ ఫోన్ చేశాడు. మొదట గొంతు గుర్తుపట్టలేదు.

"అక్కా, నేను నరేశ్‌ని. ఓనర్ సారు ఫోన్ జేసిండు. రెండు దినాలల్ల ఖాళీ చెయ్యమంటుండు. గప్పుడు సరే అన్నడు గదా సార్ అంటె ఇంటలేడు. నాయనకు మెసులుడు సుత ఐతలేదు అక్కా. మీరు కొనేటోల్లు గదా, మీ మాట ఇంటడు. జర ఒక్క మాట చెప్పరాదు. పది దినాలు, గంతే."

నేను మాట్లాడతాను అన్నాను. నోట్లో అన్నం ముద్ద ఉండగానే అన్నాను.

అక్టోబర్ 30

మాట్లాడలేదు. రేపు మాట్లాడతాను.

అక్టోబర్ 31

ఆఫీసులో ఆడిట్. ఊపిరి సలపలేదు.

నవంబర్ 1, శనివారం

మళ్ళీ నరేశ్. ఎత్తకూడదనుకున్నాను, ఎత్తాను.

"ఖాళీ చేసినం అక్కా. యూసుఫ్‌గూడ, బోరబండ మొత్తం తిరిగిన. రూం ఉంటది. పేషెంటున్నడు అంటె లేదంటరు. దాచిపెట్టి తీసుకుందామంటె నాయనను యాడ దాచిపెట్టాలె? చిన్న నర్సింగ్ హోంల పెట్టినం. అమ్మ ఆడ్నే ఉంటది. సామాను దోస్తు రూంల పెట్టిన." కాస్త ఆగి, "మీరు ట్రై చేసిన్రు గదా, మంచిది అక్కా. ఓనరే ఇనలే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. నేను ట్రై చేశానట! వాడు అంత మంచివాడై ఉండకపోతే నాకు బాగుండేది. తిట్టినా బాగుండేది.

నేను హనుమత్ప్రసాద్ గారితో అన్నది పూర్తిగా రాయలేదు ఆ రోజు. బాగోలేదట కదా అని అడిగాక, నక్షత్రాలవీ మా పెద్దవాళ్ళు పట్టించుకుంటారండీ, ఏదైనా జరిగితే ఇబ్బందేమో అని కూడా అన్నాను. అంతే. మా పెద్దవాళ్ళు అంటే అమ్మ. అమ్మకి ఈ విషయమే తెలియదు.

నవంబర్ 3

కలలో టేపుతో గది కొలుస్తున్నాను. పదకొండున్నరే వస్తోంది.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

సెలవు. అమ్మని గుడికి తీసుకెళ్దామని ఎనిమిదిన్నరకి ఆటో ఎక్కాం. మెయిన్ రోడ్డు జామ్ అయిందని ఆటో అతను మధురానగర్ సందుల్లోంచి తిప్పాడు. వద్దు, మెయిన్ రోడ్డునే పొమ్మన్నాను. "అమ్మా, అటు పోతె గంట గూసుంటరు" అన్నాడు. నాకు ముందే తెలిసింది. ఎలా తెలిసిందో తెలియదు గానీ తెలిసింది.

ఆ అపార్ట్‌మెంటు ముందు షామియానా. గేటు మూసి ఉంది. గేటుకి బయట, రోడ్డు మీద బల్ల వేసి రాజనర్సయ్యని పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. నరేశ్ కుండ కోసం కాబోలు పిడకల నిప్పు ఊదుతున్నాడు. భూలక్ష్మి కింద కూర్చుని ఆయన పాదాల మీద చెయ్యి వేసి ఉంది. పైన మొదటి అంతస్తు బాల్కనీలో ఎవరో మూడు వందల అరవై అయిదు వత్తులు నేతిలో తడుపుతున్నారు.

దారి ఇరుకై ఆటో ఆగింది. అమ్మ చీర కొంగు సరిచేసుకుని రెండు చేతులూ జోడించింది. "పాపం, అద్దెకున్నవాళ్ళు కాబోలు. లోపలికి రానివ్వలేదు" అంది. తర్వాత, "ఏ తల్లి కన్నదో ఆ ఇంటివాళ్ళని, వాళ్ళకెలా మనసొప్పిందో" అంది.

నేను తల వంచుకుని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటించాను. ఆటో కదిలే దాకా సరిచేసుకుంటూనే ఉన్నాను. గుడిలో అమ్మ నా చేత కూడా దీపం పెట్టించింది.

నవంబర్ 6

పంతులు గారికి ఫోన్ చేశాను. నిన్నటి నక్షత్రానికి ఏ దోషమూ లేదట. పంచకం ముందు రోజే అయిపోయిందట. "పున్నమి నాడు పోయారా? పుణ్యాత్ములమ్మా. ఇంట్లో పోయినా ఒక్క రోజు కూడా మూయక్కర్లేదు" అన్నారు.

ఒక్క రోజు కూడా మూయక్కర్లేదు.

ఇప్పుడు నిజం రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, ఇక్కడ కూడా బుకాయిస్తే ఇంకెక్కడ చెబుతాను? అక్టోబర్ 26న నేను హనుమత్ప్రసాద్ గారితో అన్న మాటలు ఇవి: "ఆయన ఆ ఇంట్లో పోకూడదండీ. శవం కూడా ఆ ఇంట్లోకి రాకూడదు. అలా జరిగితే నేను కొనను, బయానా తిరిగిచ్చేయండి." ఆయన, "పందొమ్మిదేళ్ళ నుంచి ఉన్నవాళ్ళండీ, ఎలా చెప్పను?" అన్నారు. "అది మీ ఇష్టం" అన్నాను. గొంతు పెంచలేదు. పాలసీ క్లెయిము కుదరదని ఆఫీసులో చెప్పే గొంతుతోనే చెప్పాను. పదిహేడేళ్ళ అలవాటు.

నాన్నని రోడ్డు మీద పెట్టించినావిడ కనీసం కోడలి కడుపు కోసం అంది. ఆవిడ గేటు దగ్గర నిలబడి, మా ముఖాలు చూసి అంది. నేను మంచం మీద కూర్చుని ఫోన్‌లో అన్నాను.

నవంబర్ 8

అమ్మకి చెప్పెయ్యాలి. గృహప్రవేశం అయ్యాక చెబుతాను. ముందు చెబితే ఆ ఇంట్లో అడుగు పెట్టదు.

నవంబర్ 12, బుధవారం

రిజిస్ట్రేషన్ అయింది. వేలిముద్రలు వేశాక హనుమత్ప్రసాద్ గారు స్వీటు ప్యాకెట్ చేతిలో పెట్టారు. "మీరు ముందే హెచ్చరించబట్టి సరిపోయింది మంజూష గారూ. లేకపోతే ఇద్దరం ఇరుక్కునేవాళ్ళం. గేటు లోపలికి కూడా రానివ్వలేదు, అసోసియేషన్ వాళ్ళకి కూడా చెప్పి ఉంచాను" అన్నారు. మంచి పని చేసినట్టు చూశారు. థాంక్సండీ అన్నాను. ఏమనాలి మరి?

స్వీట్లు మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కూర్చున్న ముసలాయనకిచ్చేశాను. అది కూడా పుణ్యం కోసం కాదు. ఇంటికి తీసుకెళ్ళలేక.

నవంబర్ 16, ఆదివారం

పాలు పొంగాయి. ఎటు పొంగాయో చూసి పంతులు గారు, "తూర్పుకే, శుభం" అన్నారు. అమ్మ కొత్త చీరలో చిన్నపిల్లలా ఉంది. గది గదికీ వెళ్ళి గోడల్ని చేత్తో తడిమింది. గడపకి తనే పసుపు రాసింది. మోకాళ్ళ నొప్పి మాటే మర్చిపోయింది.

పైకి రాకముందు గేటు దగ్గర మాత్రం ఆగింది. అటూ ఇటూ చూసి, "ఇదే కదే, ఆ రోజు షామియానా వేసింది?" అంది.

"కాదమ్మా. అది వెనక సందు. అన్నీ ఒక్కలాగే ఉంటాయిక్కడ."

"అవునా" అంది. నమ్మింది. నేను చెబితే అమ్మ ఎప్పుడూ నమ్ముతుంది.

ముందు గదిలో రాజనర్సయ్య మంచం తలాపున ఉన్న గోడ మీద నూనె మరక ఉంది. పెయింటర్ రెండు కోట్లు వేసినా లోపల్నుంచి కనబడుతోంది. అక్కడ ఫ్రిజ్ పెట్టించాను. ముందు గదిలో ఫ్రిజ్ ఏంటే అంది అమ్మ.

నవంబర్ 22

పొద్దున్నే ఆరున్నరకల్లా బాల్కనీ పిట్టగోడ మీద కాకులు. మూడో నాలుగో. కదలవు, ఇంట్లోకి చూస్తూ అరుస్తాయి. చుట్టాలొస్తారేమోనే అని అమ్మ మురిసిపోతోంది. మనకెవరున్నారు చుట్టాలు? పావురాల గోల అని చెప్పి బాల్కనీకి వల కట్టించేశాను. నిజానికి పావురాలు ఒక్కటీ రాలేదు.

నవంబర్ 29

అమ్మకి చెప్పలేదు.

డిసెంబర్ 4, గురువారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. జరిగింది వరసగా రాస్తాను.

ఏడున్నరకి బెల్ మోగింది. తలుపు తీస్తే భూలక్ష్మి, నరేశ్. ఆవిడ చేతిలో గుడ్డ కప్పిన విస్తరి. ముఖాన బొట్టు లేదు. నెల రోజుల్లో పదేళ్ళు పెద్దదైంది. గడప బయటే, చెప్పులు విడిచి, రెండడుగులు వెనక్కే నిలబడ్డారు.

"ఈ దినం నెల మాసికం బిడ్డా" అంది. "మూడొద్దుల నాడు పిట్టకు పెడితే ముట్టలే. పదకొండోనాడు సుత ముట్టలే. బోరబండల రూం దొరికింది, ఆడ కాకులకు ఆయన ఎరుక లేడు. ఈడైతె రోజూ పొద్దుగాల బాల్కనీల రొట్టె ముక్క ఏసేటోడు, పందొమ్మిదేండ్లు. ఒక్కపారి ఈడ పెట్టుకుంట. నీసు తేలే బిడ్డా, పప్పు, బువ్వ, రొట్టె గంతే. ఐదు నిమిషాలల్ల పోతం."

గృహప్రవేశమై ఇంకా మూడు వారాలు కాలేదు. కొత్త ఇంట్లో పితృకార్యం చేయొచ్చా అని నా బుర్ర అప్పుడు కూడా లెక్కేసింది. "పంతులు గారిని అడిగి చెప్తానండీ" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చింది, రాశాను.

లోపల్నుంచి అమ్మ వచ్చింది. "ఎవరే? గుమ్మం బయట నిలబెట్టావేంటి?"

"ఇంతకుముందు ఇక్కడ కిరాయికున్నోళ్ళం అమ్మా" అంది భూలక్ష్మి. "మా పెనిమిటి పున్నమి నాడు పోయిండు. గీ గేటు కాడ్నే పండవెట్టినం."

అమ్మ నా వైపు చూడలేదు. ఆవిడనే అడిగింది. "ఇంట్లోకి ఎందుకు రానివ్వలేదమ్మా?"

"కొనేటోల్లు వద్దన్నరంట. ఓనర్ సారు చెప్పిండు" అంది భూలక్ష్మి. అని నా ముఖం చూసి, తలొంచుకుని, "మీ భయం మీకుంటది గదా బిడ్డా. కొత్తిల్లు. నేను గా ముచ్చటకు రాలే" అంది.

తెలుసు. ఆవిడకి ముందే తెలుసు. నరేశ్ గోడకేసి చూస్తున్నాడు. వాడికీ తెలుసు. తెలిసే వచ్చారు, కాకులు ఇక్కడే ఉన్నాయి కాబట్టి.

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. భూలక్ష్మి చెయ్యి పట్టుకుని గడప దాటించి లోపలికి తీసుకొచ్చింది. బాల్కనీలో వల చూసి, వంటింట్లోంచి కూరలు తరిగే కత్తి తెచ్చి, పైనుంచి కింద దాకా కోసేసింది. నైలాను తాడు, గట్టిది. నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టింది.

విస్తరి పిట్టగోడ మీద పెట్టారు. కాకులు వచ్చాయి, ఎదుటి కరెంటు తీగ మీద కూర్చున్నాయి. దిగలేదు. కాకి ముట్టకపోతే పోయిన మనిషి కోరిక ఏదో మిగిలిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ మాట ఇవ్వాలి. మా వైపూ ఉంది. నాన్నప్పుడు అమ్మ చాలా మాటలిచ్చింది.

"అమ్మను మంచిగ సూసుకుంట నాయనా. ఫికర్ జెయ్యకు" అన్నాడు నరేశ్. దిగలేదు. "నేను ఏడ్వను, రొట్టెలు చేసుకుంట బతుకుత, తిను" అంది భూలక్ష్మి. ఒకటి పిట్టగోడ చివరికి వచ్చి వాలింది. విస్తరి వైపు రాలేదు. భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంట్లకెల్లి పంపియ్యమన్నడు అమ్మా. దవాఖానల నా చెయ్యి పట్టుకోని గదే అడిగిండు. ఇంటికి పోదాం పా అని."

అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు" అంది.

 తప్పు నాది అనే రెండు మాటలు. వాళ్ళకి తెలిసిన సంగతే, కొత్తగా పోయేదేమీ లేదు. అయినా రాలేదు. "టీ పెట్టుకొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. తెల్ల అల్మరాల మధ్య నిలబడి, ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి, అక్కడి నుంచి విన్నాను.

అమ్మ గొంతు, పక్కింటాయనతో మాట్లాడుతున్నట్టే ఉంది. "రాజనర్సయ్య గారూ, ఇది నా బిడ్డ నా కోసమే చేసింది. నేను గడప లోపల పోవాలని పదహారేళ్ళు దాని ప్రాణం తోడేశాను. మీకు దక్కాల్సిన చోటు నాకొద్దండీ. నేను పోయిన రోజు ఈ గడప లోపల పడుకోను. మీరెక్కడ పడుకున్నారో, ఆ గేటు బయట, అక్కడే పడుకుంటాను. ఇది మాట. ఇంక తినండి."

రెక్కల చప్పుడు విన్నాను. భూలక్ష్మి పెద్దగా ఏడ్చింది. నేను బయటికొచ్చేసరికి మూడు కాకులు రొట్టె లాక్కుంటున్నాయి.

వెళ్ళేటప్పుడు భూలక్ష్మి అమ్మ కాళ్ళకి దండం పెట్టబోతే అమ్మ పట్టుకుని ఆపింది. నా దగ్గరికొచ్చి ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. "ఇల్లు సల్లగుండాలె బిడ్డా" అంది. చేయి తీసేదాకా నేను కదల్లేదు. ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అదే భరించలేకపోతున్నాను.

డిసెంబర్ 5

అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోమన్నాను. అమ్మ కోపంగా కూడా లేదు.

"పోయినవాళ్ళకిచ్చిన మాటే. ఎవర్నడిగి వెనక్కి తీసుకోను?" అంది. పప్పు తాలింపు మాడుతోందేమో చూడమంది.

డిసెంబర్ 7, ఆదివారం

అమ్మ పొద్దున ఒక్కతే లిఫ్ట్‌లో కిందికి వెళ్ళింది. అరగంటైనా రాకపోతే బాల్కనీలోంచి చూశాను. గేటు బయట నిలబడి ఉంది. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిచింది. తల ఎటు వస్తుందో చూసుకుంటున్నట్టు దక్షిణం వైపు తిరిగి నిలబడింది. స్కూటరు మీద పోతున్నాయన దారిమ్మని హారన్ కొట్టాడు. పక్కకి జరిగింది.

పైకొచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగింది.  తనే చెప్పింది.

"చూసొచ్చానే. పన్నెండు దాకా అక్కడ ఎండ పడదు. నువ్వు కూర్చోడానికి ఇబ్బందుండదు."